మేత చప్పుడు

మా మామగారివి పాము చెవులని చుట్టుపక్కల అందరూ ఒప్పుకున్న సంగతి. పాముకు చెవులుండవని బళ్ళో చదువుకున్నదాన్ని కాబట్టి ఒకసారి ఆ మాట ఆయనతోనే అన్నాను. "అందుకేగా దానికంత బాగా వినపడేది! మధ్యలో అడ్డం ఏమీ లేదు" అన్నారు. ఆయన వాదన ఎప్పుడూ ఇంతే. పట్టుకుందామంటే పిడి దొరకదు.

ఆయన పని గుర్రాలను చూసుకోవడం. ఊరి చివర శాల, శాల మధ్యలో పొడుగ్గా నడవ, నడవకు రెండు వైపులా గుర్రాల గదులు, చిట్టచివర మావి రెండు గదులు. నేను కాపురానికి వచ్చింది ఇంటికా శాలకా అని మొదటి ఏడాదంతా నాకు అనుమానమే. పొద్దున్నే తలుపు తీస్తే మనిషి మొహం కన్నా ముందు పొడుగాటి ముక్కు కనపడేది. యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు, ఫోనులో మాత్రం వినపడతాడు. స్వారీ నేర్చుకునేవాళ్ళు నేల ఆరి ఉన్నన్నాళ్ళే వస్తారు. చలికాలం ముసురు పట్టిందంటే ఇక గుర్రాలూ, మామగారూ, అత్తగారూ, నేనూ. మా ఆయన గడ్డి లారీ తోలుతాడు. వాన పడితే దారిలో ఎక్కడో చిక్కుకుని మర్నాటికి చేరతాడు.

సాయంత్రం మేత వేశాక మామగారు నడవ మధ్యలో బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుని కళ్ళు మూసుకునేవారు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. నోరు ఆగని మా అత్తగారు కూడా గరిటె గిన్నెకు తగలకుండా తిప్పేది. గుర్రాలు గడ్డి నములుతుంటే ఆయన ఆ చప్పుడు వినేవారు. నాకు అంతా కలిపి ఒకటే కరకర. ఆయనకు ఒక్కొక్కదానిదీ ఒక్కో గొంతు.

"జమీందారు కుడివైపు నమలడం లేదు. పన్ను గుచ్చుకుంటోంది, చూడాలి" అనేవారు కళ్ళు తెరవకుండానే. లేదా, "పొట్టోడు దాణా నమలకుండా మింగుతున్నాడు, రేపు తవుడు తడిపి పెట్టు." లేదా, "ఉయ్యాల ఆగి ఆగి తింటోంది. ఇవాళ నీళ్ళు సరిగ్గా తాగలేదు."

జమీందారు లావాటి ఎర్ర గుర్రం. ఎవరు పిలిచినా నోట్లో గడ్డి ముగించి ఆ తర్వాతే తల తిప్పుతాడు. పొట్టోడు మోకాలెత్తు మనిషికి కూడా లోకువయ్యేంత పొట్టి, కానీ కరవడంలో అందరికన్నా పొడుగు. ఉయ్యాల తెల్ల ఆడగుర్రం. గదిలో కట్టేసి ఉంచితే తోచక, తలుపు మీదుగా తల బయటికి పెట్టి అటూ ఇటూ ఊపుతూనే ఉంటుంది. ఇంకా ఉన్నాయి గానీ, మా కథకు ఈ ముగ్గురు చాలు.

నమలడం విన్నాక లేచి ఒక్కొక్క గుర్రం డొక్కకూ చెవి ఆనించేవారు, ముందు ఎడమ, తర్వాత కుడి. "లోపల బండి నడుస్తుండాలి అమ్మాయ్. గుర్రం కడుపు నిశ్శబ్దంగా ఉందంటే పక్క గదిలో చంటిపిల్లాడు నిశ్శబ్దంగా ఉన్నట్టే. ఏదో కొంప మునుగుతోందన్నమాట" అని నాకు చెప్పారు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను గానీ, ఆవులించకపోయినా లెక్కపెట్టే మనిషిని ఈయన్నే చూశాను.

ఇదంతా వేళాకోళంగా చెబుతున్నాను గానీ, ఆ చెవులతో ఆయన ఎన్ని ప్రాణాలు నిలబెట్టారో అత్తగారు చెప్పేది. ఒక్కసారే తప్పింది. నేను ఈ ఇంటికి రాకముందు, ఒక ముసురు చలికాలంలో ఆయన జ్వరంతో మంచం పట్టారు. తడిసిన గడ్డి తిని ఒక ఆడగుర్రానికి పేగు ముడిపడింది. వినేవాళ్ళు లేరు. మర్నాడు పొద్దున చూసేసరికి పడిపోయి ఉంది. "ఆ రోజు నుంచీ ఈ మనిషికి జ్వరం రాలేదు తెలుసా? వస్తే ఒప్పుకోడు" అంది అత్తగారు. ఇంకో గుర్రం తన కాపలాలో పోకూడదన్నది ఆయన బతుకులో ఉన్న ఒకే ఒక్క పంతం. వేరే పంతాలు ఉన్నా అవన్నీ భోజనం దగ్గరే.

మొన్న వానాకాలం అయిపోయాక యజమాని శాల పైకప్పు పెంకులు తీయించి రేకులు వేయించాడు. ఇక చుక్క కారదని ఫోనులో భరోసా ఇచ్చాడు. నిజమే, చుక్క కారలేదు. కానీ చలికాలం మొదలవుతూనే ముసురు పట్టుకుంది, పట్టుకున్నది వదల్లేదు. ఒక్కో చుక్కా ఒక్కో గులకరాయిలా రేకుల మీద పడేది. నడవలో ఒకరితో ఒకరు మాట్లాడాలంటే అరవాల్సిందే. అన్నం వడ్డించుకోమనడానికి అరుపు, తలుపు వేయమనడానికి అరుపు. మా ఆయన లారీ దిగి లోపలికి రాగానే "ఏంటి, మళ్ళీ పోట్లాడుకుంటున్నారా?" అని అడిగేవాడు.

ఆ గోలలో మామగారి చెవులు పనికిరాకుండా పోయాయి. మొదటి సాయంత్రం బకెట్ మీద కూర్చున్నారు, లేచారు, జమీందారు గదికి దగ్గరగా జరిపి మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ లేచారు. "ఏమీ వినపడి చావడం లేదు" అని బకెట్‌ను కాలితో తన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఆ బకెట్ చేసిన పాపం ఏముంది!

ఆ రోజు నుంచి ఆయన కాలు ఒకచోట నిలవలేదు.

ముసురు రోజుల్లో గుర్రం ఎంత చాకిరీ పెడుతుందో దూరం నుంచి చూసేవాళ్ళకు తెలియదు. ఎండిన నేల మీద రాజులా ఉండే జంతువు తడి నేల మీద పసిబిడ్డ కన్నా అధ్వాన్నం. గిట్ట అడుగున ఉండే చీలికలో తడి చేరి కుళ్ళుతుంది. ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే రెండు పూటలు అన్నం సయించదు. రోజూ నాలుగు కాళ్ళూ ఎత్తి, ఇనుప కొక్కెంతో మట్టి తీసి, ఆరబెట్టి, మందు రాయాలి. నానిన గిట్టలకు కొట్టిన ఇనుప నాడాలు నిలవవు, బురద లాగేసుకుంటుంది. వీపు మీద తడి ఆరకపోతే పెచ్చులు కడుతుంది. కింద పరిచిన గడ్డి తీసి పొడి గడ్డి పరవాలి, పరిచిన గంటకే అది మళ్ళీ తడి. చలికి నీళ్ళు తాగవు, కాబట్టి గోరువెచ్చగా కాచి పోయాలి. తాగకపోతే కడుపులో గడ్డి రాయి కడుతుంది. మేత గడ్డికి బూజు పట్టిందేమోనని ప్రతి కట్టా విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. నా వేళ్ళకు గడ్డి వాసన, జుట్టుకు గడ్డి వాసన, చివరికి కూరకు కూడా గడ్డి వాసన. అత్తగారి వంటకు అదొక మెరుగే గానీ ఆ మాట ఆమెతో అనలేదు.

గదుల్లో నిలబడి నిలబడి గుర్రాలకు తిక్క పుట్టింది. పొట్టోడు తలుపు తన్నడం మొదలుపెట్టాడు. జమీందారు తొట్టి అంచు కొరికాడు. ఉయ్యాల తల ఊపీ ఊపీ మెడ కింద తలుపు చెక్క నున్నగా అరిగిపోయింది. వాటి కాళ్ళు వాయకుండా నడవలోనే ఒకదాని తర్వాత ఒకదాన్ని ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పేవాళ్ళం. వాటి వెనకాల మామగారు కాలుగాలిన పిల్లిలా తిరిగేవారు. ఒక గదిలోకి దూరి డొక్కకు చెవి పెట్టేవారు, బయటికొచ్చి ఎదురు గదిలోకి దూరేవారు, అక్కణ్ణించి మళ్ళీ మొదటి గదికి. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని లేచిపోయేవారు. ఆయన్ను చూస్తుంటే నాకు కూడా కుదురు పోయింది. కూరగాయలు తరుగుతూ తరుగుతూ లేచి, ఎందుకు లేచానో తెలియక మళ్ళీ కూర్చునేదాన్ని.

"ఏవండీ! మిమ్మల్నే! కంచంలో అన్నం చల్లారిపోతోంది!" అని అత్తగారు ఈ కొస నుంచి గొంతు చించుకునేది. ఆయన ఉలకరు, పలకరు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా బతుకు. గుర్రం పేగు కదిలితే వినపడుతుంది, పెళ్ళాం అరిస్తే వినపడదు. పెళ్ళైన రోజు నుంచీ ఇదే వరస!" అనేది నాతో. నేను నవ్వేదాన్ని. ఆమె కూడా చివరికి నవ్వేసి, కంచం మీద మూత పెట్టేది.

ఒక మధ్యాహ్నం వాన కాస్త సన్నగిల్లింది. మామగారు నిచ్చెన తెచ్చి గోడకు వేశారు. పాత గోనెసంచులూ, పాడైపోయిన గడ్డీ, తాళ్ళూ కింద కుప్ప పోశారు. రేకుల మీద అవన్నీ పరిచి గోల తగ్గించాలని ఆయన ఉద్దేశం.

"ఈ వయసులో పైకెక్కుతారా? కాలు జారితే?" అని అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుంది.

ఆయన అప్పటికే సగం మెట్లు ఎక్కేశారు. నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. పైనుంచి నీళ్ళూ, గడ్డీ, ఆయన తిట్లూ కలిపి నా నెత్తిన పడ్డాయి. ఆయన తాళ్ళు బిగించి కిందికి దిగేసరికి మళ్ళీ వాన అందుకుంది.

లోపలికి వెళ్ళాక నాకు ప్రాణం లేచొచ్చింది. గులకరాళ్ళ మోత పోయింది. తలగడ కింద పెట్టిన గడియారంలా ఏదో దూరపు చప్పుడు, అంతే. పొట్టోడు తుమ్మితే ఆ కొస నుంచి ఈ కొసకు వినపడింది.

"అబ్బ, ఎంత నయంగా ఉందో మావయ్యా!" అన్నాను. అరవడం అలవాటైపోయి ఆ మాట కూడా అరిచే అన్నాను.

ఆయన బకెట్ మీద కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత లేచి, తడి చొక్కా పిండుకుంటూ, "ఏం నయం? అలాగే ఉంది వెధవ గోల. ఇంకా మందంగా వెయ్యాలి" అన్నారు.

పని చేసినాయనకే పనితనం నచ్చకపోతే మనమేం చేస్తాం! మొండితనం అనుకుని ఊరుకున్నాను. ఆయన మొండితనాల్లో అదొకటి కలిస్తే కొత్తగా బరువేమీ పెరగదు.

తర్వాత నాలుగైదు రోజులకనుకుంటా, ఆయన ఉయ్యాల గదిలోంచి పరుగున వచ్చారు. మొహంలో నెత్తురు లేదు. "డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి. దీని లోపల బండి ఆగిపోయింది. ఎడమ పక్కా లేదు, కుడి పక్కా లేదు" అన్నారు. నేను ఫోన్ చేసేలోపల దాని ముందున్న గడ్డి అంతా లాగేశారు. ఉయ్యాల ఆయన్ను వింతగా చూసింది. తింటున్న నోటి దగ్గర కూడు లాగేస్తే ఎవరైనా అలాగే చూస్తారు.

పశువుల డాక్టరమ్మ మోకాళ్ళ దాకా బురదతో వచ్చింది. స్టెతస్కోపు పెట్టి అటు విన్నది, ఇటు విన్నది. పళ్ళ చిగుళ్ళు నొక్కి చూసింది. "బ్రహ్మాండంగా ఉంది పెద్దాయనా. దీని కడుపులో మీ వంటింట్లో కన్నా సందడిగా ఉంది" అంది.

"సరిగ్గా వినండమ్మా."

"విన్నాను. ఏమీ లేదు. మీరు కంగారు పడి దాన్ని కంగారు పెట్టకండి."

"ఈ రేకుల కింద ఎవరికి మాత్రం ఏం వినపడి చస్తుంది!" అన్నారు ఆయన చివరికి. డాక్టరమ్మ నవ్వి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. ఉయ్యాల కోపంతో తలుపు తన్నింది. ఆయనే గడ్డి మళ్ళీ తెచ్చి వేసి, అది తింటుంటే పక్కన నిలబడ్డారు. పరువు పోయిందని బాధపడుతున్నారేమో, నాలుగు మాటలు చెబుదామని దగ్గరికి వెళ్ళాను. ఆ మొహంలో ఉన్నది సిగ్గు కాదు, భయం. డాక్టరమ్మ ఏమీ లేదని చెప్పాక కూడా ఇంకా భయమెందుకో నాకు అర్థం కాలేదు. చెప్పదలచుకున్న మాటలు మింగేసి వచ్చేశాను.

అప్పటి నుంచి ఆయన తన చెవులను నమ్మడం మానేశారు. డొక్కకు చెవి పెట్టేవారు, ఏమీ వినపడేది కాదు, "ఈ రేకులు" అని తిట్టుకుని పక్క గదికి వెళ్ళేవారు. ప్రమాదం అక్కడే ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఒక పొద్దున నేను వేడినీళ్ళు మోసుకొచ్చేసరికి జమీందారు బకెట్‌లో నిన్నటి నీళ్ళు నిన్నటిలాగే ఉన్నాయి. గడ్డి ముట్టలేదు. గదిలో లద్దె కాస్తే ఉంది, అదీ ఎండి రాళ్ళలా ఉంది. వాడు ముందరి కాలితో నేల గీరి, తల తిప్పి తన డొక్క వైపు తనే చూసుకున్నాడు. ఎవరు పిలిచినా గడ్డి ముగించి గానీ తిరగని జమీందారు, నా అడుగు వినగానే గబుక్కున తిరిగి నన్ను చూశాడు.

"మావయ్యా!" అని కేకేశాను. ఆయన ఎదురు గదిలో వంగి పొట్టోడి గిట్ట శుభ్రం చేస్తున్నారు. రెండోసారి కేకేశాను. మూడోసారి వెళ్ళి భుజం పట్టుకుని లాగాను.

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోకి నూనె పోసింది, సూది వేసింది. "పేగు ఇంకా ముడిపడలేదు. గడ్డి అడ్డం పడింది. మధ్య మధ్య ఆపుతూ మెల్లగా తిప్పుతూ ఉండండి, పడుకుని దొర్లనివ్వకండి" అని చెప్పి, సాయంత్రం మళ్ళీ వస్తానని వెళ్ళింది. ఇక తిప్పడమే. నడవలో ఆ కొసకు, ఈ కొసకు. ఆయన అలిసిపోతే నేను, నేను అలిసిపోతే అత్తగారు. గుర్రాలంటే దూరంగా ఉండే మనిషి, ఆ రోజు తలతాడు పట్టుకుని వాడితో "నడు నాయనా, నా బంగారు కొండవు కదూ" అంటూ నడిచింది. బయట వాన. గోనెల మీద వాన. మిగతా గుర్రాలన్నీ తలుపుల మీదుగా తలలు పెట్టి చూస్తున్నాయి. ఉయ్యాల కూడా తల ఊపడం ఆపేసింది.

చీకటి పడకముందే జమీందారు నడవ నడిమధ్యలో ఆగి, తోక ఎత్తి, మా అందరి సమక్షంలో లద్దె వేశాడు. అంత మనోహరమైన దృశ్యం నా జన్మలో చూడలేదు. అత్తగారు చప్పట్లు కొట్టింది. మామగారు తడి నేల మీదే కూలబడ్డారు.

"పొద్దున చెవి పెట్టి చూశాను అమ్మాయ్" అన్నారు. "వీడి కడుపు నిశ్శబ్దంగానే ఉంది. అన్నిటివీ అలాగే ఉన్నాయి కదా, రేకుల గోలే అనుకుని పక్కకు పోయాను. నువ్వు చూడకపోతే పోయేవాడు."

"పోలేదుగా మావయ్యా" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. నేను గట్టిగా ఇంకోసారి అన్నాను. అప్పుడు ఎత్తారు.

ఆ తర్వాత ఇద్దరం కాపలా కాశాం. ఆయన చెవులతో, నేను కళ్ళతో. నీళ్ళు ఎంత తగ్గాయి, గడ్డి ఎంత మిగిలింది, లద్దె ఎలా ఉంది అని చూసి నేను చెప్పాలి. "ఉయ్యాలను చూశావా?" చూశాను మావయ్యా. "తాగిందా?" తాగింది. పది అడుగులు వేసి వెనక్కి వచ్చి, "తాగిందంటావా?" నా ఓపిక నశించి, "పోనీ దాన్నే అడగండి!" అని విసుక్కునేదాన్ని. వాన ఆగనీ, వాన ఆగితే చాలు, నా చెవులు నాకొస్తాయి, అని ఆయన తనలో తను అనుకుంటూ తిరిగేవారు. ఆకాశం వైపు ఆయన చూసినంతగా చుట్టుపక్కల రైతులు కూడా చూసి ఉండరు.

ఒక మధ్యాహ్నం, మేము గమనించకుండానే, వాన ఆగిపోయింది.

అలవాటైన చప్పుడు ఆగితే ముందు తెలియదు. నేను ఎండుగడ్డి కట్టలు విప్పి వేస్తున్నాను. ఎందుకో తల దిమ్ముగా అనిపించి నిలబడ్డాను. అప్పుడు తెలిసింది, పైన ఏమీ లేదు. చూరు నుంచి బొట్టు, కాసేపటికి ఇంకో బొట్టు. తలుపు సందులోంచి సన్నటి ఎండ నడవలో పడింది. శాలంతా గుర్రాల దవడల చప్పుడు. ఇన్ని నెలలు దాచి పెట్టిన చప్పుడు అంతా ఒక్కసారి విప్పి పరిచినట్టుంది. కరకర, కరకర, మధ్యలో ఒక ముక్కు చీదడం, మళ్ళీ కరకర. నాకు నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

మామగారు బయటి నుంచి వచ్చారు. చేతులు చాచి ఎండను చూపించారు. మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. మాట్లాడొద్దని నాకు చేత్తో సైగ చేశారు. తలుపు దగ్గర చేటతో నిలబడ్డ అత్తగారికి కూడా సైగ చేశారు. బకెట్ తీసి, తన్నినందుకు క్షమాపణ చెబుతున్నట్టు దాని అడుగు చొక్కాతో తుడిచారు. నడవ మధ్యలో బోర్లించి కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు.

నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ముందు ఎవరి పేరు చెబుతారో అనుకున్నాను. పొట్టోడు దాణా మింగుతున్నాడంటారా, జమీందారు పన్ను అంటారా?

ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. తల కొంచెం ఒక పక్కకు వంచారు, మళ్ళీ రెండో పక్కకు. కళ్ళు తెరిచి దిగ్గున లేచారు. బకెట్ పడి దొర్లింది.

"అమ్మాయ్! ఒక్కటీ మేత ముట్టడం లేదు! ఒక్కటంటే ఒక్కటీ తినడం లేదు!"

ఆయన జమీందారు గదికి పరిగెత్తారు. వాడు నములుతున్నాడు. పక్క గదికి పరిగెత్తారు. అక్కడిదీ నములుతోంది. పొట్టోడు నములుతున్నాడు. ఉయ్యాల దగ్గరికి వచ్చి ఆగిపోయారు. ఉయ్యాల నోటి నిండా గడ్డి పెట్టుకుని, కింది దవడ అటూ ఇటూ తిప్పుతూ, ఆయన మొహం మీదే కరకరలాడిస్తోంది. గడ్డి పరకలు ఆయన చొక్కా మీద రాలుతున్నాయి. ఆయన దాని దవడ మీద అరచెయ్యి ఆనించారు. చాలాసేపు అలాగే ఉంచారు. ఆ చెయ్యి దవడతో పాటు కదులుతోంది.

నాకు అప్పుడు అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. గోనెలు పరిచాక కూడా తగ్గని గోల. డాక్టరమ్మకు సందడిగా వినపడి ఆయనకు వినపడని కడుపు. మూడు కేకలు. చల్లారిపోయిన కంచాలు. చలికాలం పొడుగునా మేమందరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం కాబట్టి ఎవరికీ తెలియలేదు. రేకులను తిట్టుకుంటూ ఆయనకు కూడా తెలియలేదు. లేక ఆ రోజు ఆ మొహంలో ఉన్న భయం అదేనేమో.

అత్తగారు చేట కింద పెట్టేసింది. "ఏవండీ" అంది. మామూలు గొంతుతో, ఇంట్లో పక్కన కూర్చున్న మనిషిని పిలిచినట్టు. ఆయన తిరగలేదు. "ఏవండీ" అంది ఇంకోసారి. తిరగలేదు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దాణా గదిలోకి వెళ్ళిపోయింది. శంఖం మాట ఆ తర్వాత ఆమె నోట నేను మళ్ళీ వినలేదు.

కాసేపటికి మామగారు వచ్చి, దొర్లిన బకెట్ తీసి, నా ముందు బోర్లించారు.

"కూర్చో" అన్నారు.

"నాకు తెలియదు మావయ్యా. నాకు అన్నీ ఒకటే చప్పుడు."

నా పెదాల వైపే చూశారు. అర్థమైనట్టుంది. "మా నాన్న నాడాలు కొట్టేవాడు. ఆ సుత్తి దెబ్బలకు చెవులు పోయాయి ఆయనకు. ఏ గుర్రం ఎలా అడుగేస్తోందో నేనే విని చెప్పేవాణ్ణి. మొదట్లో నాకు కూడా అన్నీ ఒకటే చప్పుడు" అన్నారు. తర్వాత, "నేనూ చాలా నాడాలు కొట్టాను" అన్నారు నవ్వబోయి.

నేను కూర్చున్నాను. ఆయన నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. కళ్ళు మూసుకోమన్నారు, మూసుకున్నాను.

"జమీందారు?"

"తింటున్నాడు!" అని అరిచాను.

"ఎలా?"

విన్నాను. "మెల్లగా. ఆగకుండా."

"పొట్టోడు?"

"గబగబా. నమలకుండా మింగేస్తున్నట్టున్నాడు!"

"వెధవ" అన్నారు. ఆ గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. "ఉయ్యాల?"

"రెండుసార్లు నమిలి ఆగుతోంది. మళ్ళీ మొదలుపెడుతోంది."

"నీళ్ళు తక్కువయ్యాయి. వేడిగా పెట్టు ఇవాళ." నా మోకాలు తట్టారు. "ఇంకా? ఇంకేం వినపడుతోంది అమ్మాయ్?"

దాణా గదిలో అత్తగారు ఏడుస్తోంది. నోట్లో గుడ్డ కుక్కుకుని, తవుడు బస్తాల వెనక నుంచి, వెక్కి వెక్కి ఏడుస్తోంది. గుర్రాల దవడల మధ్య ఆ వెక్కు ఒక్కోసారి విడిగా వినపడుతోంది.

కళ్ళు తెరిచాను. ఆయన నా పెదాల వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు.

"ఇంకేమీ లేదు మావయ్యా!" అని అరిచాను. "అన్నీ తింటున్నాయి!"